డొల్ల చప్పుడు

బ్యాడ్జి మీద నా పేరు కింద చాప్లిన్ అని ఉంటది.
హన్మకొండల ఆ మాట ఎవరి నోటా నిలవదు.
ఆయాలకు నేను ప్రార్థనమ్మను,
గేటుకాడి సాంబయ్యకు పాస్టరుగారి భార్యను
(నాకు పెండ్లే కాలేదు),
పదకొండో మంచం ఓదెలుకు మాత్రం
మందు లేని డాక్టరమ్మను.

మొదటి రోజే చెప్పిండు:
"నీ దేవునితోని నాకు పంచాది లేదు,
పని గూడ లేదు.
కూసుంటె కూసో. ఫ్యాను ఆ దిక్కే తిరుగుతది."

కూసున్న.
బైబిలు సంచిలనే ఉంది, టిఫిన్ డబ్బా పక్కన.
కిటికీల పద్మాక్షి గుట్ట, మే నెల ఎండకు
పెనం మీద మరిచిపోయిన రొట్టె లెక్క.

రోజుకు నాలుగుసార్లు నర్సు వచ్చి అడుగుతది:
తాతా, నొప్పి పదిల ఎంత?
"మూడు" అంటడు ప్రతిసారి.
మూడు అన్న మనిషి పిడికిలి కింద
మంచం ఇనుపపట్టీ రంగు ఊడి ఉంది.
వెన్నుల పాకిన పుండు మూడుతోని ఊకోదు.
చూసిన. చూసినట్టు చెప్పలేదు.
పదహారేండ్ల ఈ కొలువుల నేర్చిందేమన్న ఉంటే
అదొక్కటే: చూసి, కాసేపు ఊకుండుడు.

నాలుగో రోజు ఆయనే తీసిండు మాట.
"భూపాలపల్లి బాయిల చేసిన. టింబర్ పని.
పేలగొట్టినంక మొదలు లోపటికి పొయ్యేది నేనే.
కర్రతోని పైకప్పు కొట్టి చూడాలె.
ఖంగుమంటే మంచిది.
డొల్లగ పలికితె వెనుకకు రావాలె,
ఎవ్వల్ని రానియ్యద్దు.
మీ నర్సుపిల్ల గూడ దినాం కొట్టి చూస్తది.
చెవే లేదు ఆమెకు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

"ఒక్కనాడు" అన్నడు.
తర్వాత, కాజీపేట దిక్కు పొయ్యే గూడ్సుబండి
ఆఖరి డబ్బా దాటేదాక ఏమీ అనలేదు.

"ఒక్కనాడు డొల్లగనే పలికింది.
షిఫ్టు అయిపోవస్తున్నది. ఏంగాదు తియ్ అన్న.
లింగమూర్తి లోపటికి పోయిండు."

మిగతాది చెప్పలేదు. అడగలేదు.
మెత్త కిందికెళ్లి కాగితం పొట్లం తీసిండు.
తొమ్మిది గోళీలు.
దవడకు దాచి, నర్సు మళ్లినంక ఉమ్మి
ఆరబెట్టినవి.
"వానికి నొప్పి కాలేదా?
నేనెట్ల మింగుదు?"

ఇక్కడ నేను వాక్యం చెప్పాలె.
క్షమాపణ మీద ఏడు వచనాలు కంఠతా వచ్చు.
ఏది ముందు, ఏది వెనుకనో కూడా
బైబిలు కాలేజీల నేర్పిండ్రు.
నోటిదాక వచ్చినయి.
లోపల కొట్టి చూసుకుంటే
ఆ పూట ఒక్కొక్కటీ డొల్లగ పలికింది.

"లింగమూర్తి ఎసుంటోడు?" అని అడిగిన.

ఓదెలు చానాసేపు సీలింగు చూసిండు.
"చాయల నాలుగు చెంచాల చక్కెర ఏసుకునేటోడు,
దొంగనాకొడుకు. నా వంతుది గూడ."
ఇల్లందు నుంచి వచ్చిండట.
బాయిల ఈల వేస్తే అరిష్టమని సర్దారు తిడితే
గొణుక్కుంట ఈల వేసేటోడట, అదెట్లనో మరి.
పేకాటల ఓడి, చెప్పులు అప్పజెప్పి
ఎండల ఉత్తకాళ్లతో ఇంటికి పోయిండట.
ఇరవై రెండేండ్లు ఎవరికీ చెప్పని మనిషిని
రాత్రి తొమ్మిదిదాక చెప్పిండు,
నడుమ నడుమ పండ్లు కొరుక్కుంట,
ఏడ్చి కాదు, తిట్టి.

నర్సు వచ్చింది. పదిల ఎంత తాతా?
"తొమ్మిది."
ఆ పిల్ల నా దిక్కు చూసింది
నేనేదో పాడుచేసినట్టు.

గోళీ మింగిండు. రెండు గుక్కల నీళ్లు.
పొట్లం నర్సు చేతిల పెడుతుంటే
"ఒక్కటి ఉంచు" అన్నడు.
ఎందుకని అడగలేదు. ఉంచలేదు కూడా.

రిజిస్టర్ల నాకొక గడి ఉంటది: చేసిన సేవ.
ప్రార్థన అని రాస్తే అబద్ధం.
మాట్లాడిన అంటే, మాట్లాడింది నేను కాదు.
'చాయల నాలుగు చెంచాలు' అని రాసి, కొట్టేసి,
తేదీ ఒక్కటి వేసి సంతకం పెట్టిన.

తెల్లారి పథ్యం చాయ్ వచ్చింది, చక్కెర లేకుండ.
ఒక గుక్క తాగి
చాయ్‌ను, తెచ్చిన పిల్లను, లింగమూర్తిని
ఒకే ఊపిరిల తిట్టిండు ఓదెలు.
ఫ్యాను ఆ దిక్కు తిరిగింది.
కుర్చీ జరుపుకొని కూసున్న.